లోపలి పేజీల రంగు

మండవల్లి,
8 జనవరి 2024

చిరంజీవి జ్యోత్స్నకు,

మీ మేనత్త రత్నకుమారి మండవల్లి నుంచి ఆశీర్వదించి రాస్తున్నది. నేను నీకు గుర్తున్నానో లేదో. ఆఖరిసారి చూసినప్పుడు నీకు పదమూడేళ్ళు. రెండు జడలు, మోకాలి మీద ఎండిన దెబ్బ. ఇప్పుడు రోడ్డు మీద ఎదురైతే ఎవరమ్మా నువ్వు అని అడుగుతానేమో.

నీ ఆచూకీ ఎలా తెలిసిందంటే, పెనుమాకలంక నుంచి ఒక పెళ్ళి కార్డు వచ్చింది. వెనక అట్ట మీద అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ‘డిజైన్: జ్యోత్స్న, తాడేపల్లిగూడెం’ అనీ, మీ షాపు అడ్రసూ ఉన్నాయి. ఊళ్ళో ఎంతమంది జ్యోత్స్నలు ఉంటారో గానీ, కార్డు మీద ‘వివాహము’ అని దీర్ఘం లాగిన తీరు అచ్చం గోడల మీద పేర్లు రాసే మా తమ్ముడిదే. వాడి కూతురు గాక ఇంకెవరు అనుకున్నాను.

సంగతేమిటంటే, మన లంక గ్రామాల స్త్రీల సంఘాల తరఫున నేను నడిపే మాసపత్రిక ‘దీపంబుడ్డి’ నీకు తెలుసుగా. ఇరవయ్యారేళ్ళుగా నెల తప్పలేదు. ఏలూరులో అబ్రహాం గారని పెద్దాయన ఇరవయ్యేళ్ళు టైపు చేసి, పేజీలు కట్టి ఇచ్చేవారు. మొన్న క్రిస్మసుకి వారం ముందు ఆయన ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. ప్రెస్సు హెన్రీ అచ్చు వేస్తానంటాడు గానీ అక్షరాలు, రంగులు, పేజీల అమరిక నా వల్ల కాదు మేడమ్ అంటున్నాడు. పాత సంచిక అట్ట ఒకటీ, వేయాల్సిన మేటరూ దీనితో పెడుతున్నాను. నువ్వు చేస్తావా?

ఎవరు చదువుతారో చెప్పకపోతే నువ్వు ఏం చెయ్యగలవు? నాలుగు వందల యాభై కాపీలు. చేపల చెరువుల మీద పనికి వెళ్ళేవాళ్ళు, నాట్లకి వెళ్ళేవాళ్ళు, అంగన్‌వాడీ ఆయాలు, నాలాంటి రిటైరైన టీచర్లు. ముప్పాతిక మందికి కళ్ళజోళ్ళు ఉచిత శిబిరంలో ఇచ్చినవే. ఒకళ్ళు చదువుతుంటే పదిమంది వింటారు. చేతులు తడిగా ఉన్నా పుస్తకం ముట్టుకుంటారు.

దీనికి మీ నాన్నని అడగక్కర్లేదు. అడిగితే మాత్రం ఏమన్నాడో పొల్లు పోకుండా నాకు రాయి. దాచడం దేనికి, పదకొండేళ్ళయిందమ్మా నేను దేవదానం మొహం చూసి. తాడేపల్లిగూడెం ఏమంత దూరం? ఏలూరులో బస్సు మారితే ఒక పూట ప్రయాణం. వాడు ఒక్కసారి ఈ గుమ్మం ఎక్కాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

ఫోను నంబరు అడగకు. నా చెవులు నాలుగేళ్ళుగా పనిచెయ్యడం లేదు. ఎదురుగా కూర్చుని అరిచినా పెదవులు చూసి ఊహించుకోవడమే.

నీకోసం ప్రార్థించే
అత్తయ్య


తాడేపల్లిగూడెం,
17 జనవరి 2024

అత్తయ్య గారికి వందనాలండీ.

మీ ఉత్తరం ముందు మా ఓనర్ విప్పారు. ‘ఈ రోజుల్లో ఉత్తరాలు రాసేదెవరమ్మా’ అని షాపంతా తిప్పి చూపించారు. అయినా ఇంటికి రాయకుండా షాపుకి రాయడం మంచిదైంది.

నేను చేస్తానండీ. మా దగ్గర ఫ్లెక్సీలు, పెళ్ళి కార్డులు, రైస్ మిల్లుల సంచుల మీద బొమ్మలు చేస్తాం. ఇప్పుడు ఎలక్షన్లు కదా, పొద్దస్తమానం నాయకుల మొహాలు తెల్లగా చెయ్యడమే నా ఉద్యోగం. పత్రిక అంటే సరదాగా ఉంటుంది. శాంపిల్ నాలుగు పేజీలు ప్రింటు తీసి పెడుతున్నాను. కవరు మీద కొల్లేరు ఫొటో, నీళ్ళ మీద కొంగలు, వాటిమీద పసుపు అక్షరాలు, చుట్టూ నీలం. లోపల కొత్త ఫాంటు, సన్నగా చాలా స్టైల్‌గా ఉంటుంది. పుట్టినరోజుల పేర్లన్నీ ఒక బాక్సులో పెట్టి నల్లటి సన్న గీత గీశాను. పైన టైటిలు పాత చేతిరాత తీసేసి ఫాంటులో పెట్టాను. ఏమీ అనుకోకండి, దీపంబుడ్డి అనే పేరు ఈ రోజుల్లో ఎవరికి తెలుస్తుందండీ? ‘దీప్తి’ అంటే బాగుంటుంది కదా.

నాన్నని అడగలేదు. మా ఇంట్లో మీ పేరు ఎత్తం. పొరపాటున ఎత్తితే నాన్న మాట్లాడకుండా లేచి వెళ్ళి మొక్కలకి నీళ్ళు పోస్తారు. వానాకాలంలో కూడా పోస్తారు. గోడల మీద రాతలు ఎప్పుడో పోయాయి కదండీ. ఇప్పుడు ఇంజినీరింగ్ కాలేజీలో గదుల నంబర్లూ, బోర్డులూ రాస్తారు. బీపీ తప్ప ఆరోగ్యం బాగానే ఉంది.

మీరు నన్ను గుర్తుపెట్టుకున్నందుకు నాకు చాలా సంతోషంగానూ, కొంచెం భయంగానూ ఉంది.

మీ
జ్యోత్స్న


మండవల్లి,
29 జనవరి 2024

జ్యోత్స్నా,

కష్టపడి చేశావు, అందుకు ముందుగా మెచ్చుకుంటున్నాను. ఇక తిట్లు మొదలుపెడతాను. ముప్పైయేళ్ళు టీచరుగా చేసిన దాన్ని, ఎర్ర పెన్ను పట్టకుండా ఉండలేను.

ఆదివారం ఆరాధన అయ్యాక నీ శాంపిలు స్త్రీల సంఘంలో పెట్టాను. చదవమని కరుణమ్మకి ఇచ్చాను. మన పత్రిక చదివి వినిపించడంలో ఆవిడే మొదటిది. కవరు పట్టుకుని దగ్గరగా చూసింది, దూరంగా చూసింది, ఎండలోకి వెళ్ళి చూసింది. ‘టీచరమ్మగారండీ, కొంగలు బాగున్నాయండీ, అక్షరాలు ఎక్కడున్నాయండీ?’ అంది. నీళ్ళ మెరుపులో నీ పసుపు కలిసిపోయింది తల్లీ. లోపలి అక్షరాలు సన్నగా వెంట్రుకల్లా ఉన్నాయి. పైగా లైనుకీ లైనుకీ మధ్య ఖాళీ లేక, పైవరసలోని వత్తులు కింది వరస గుడుల మీద కూర్చున్నాయి. ‘క్రీస్తు’ అన్న మాట దగ్గరే కరుణమ్మ ఆగిపోయిందంటే చూసుకో.

రంగుల సంగతి ఇంకో గొడవ. ఎలక్షన్ల ముందు ఆ పసుపు చూసి ఒకావిడ ‘మన సంఘం అటు వెళ్ళిందాండీ’ అని అడిగింది. పక్కనున్నావిడ నీలం చూపించి ‘కాదు, ఇటు’ అంది. అరగంట దెబ్బలాడుకున్నారు. మనకి ఏ జెండాకీ చెందని రంగు కావాలి. ఇటుక రంగో, మట్టి రంగో చూడు. నిగనిగలాడే కాగితం వద్దు. మా తేమకి ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

అన్నిటికంటే పెద్ద తప్పు, ఆ పుట్టినరోజుల బాక్సు. నల్ల గీత మధ్య పేరు వేస్తే మా దగ్గర ఆ మనిషి ప్రభువునందు నిద్రించినట్టు. ఇరవయ్యారేళ్ళుగా అదే పద్ధతి. చదవడం రానివాళ్ళు కూడా ముందు ఆఖరి పేజీ తిప్పి, నల్ల గీతలు ఎన్ని ఉన్నాయో చూసుకుని, ఎవరండీ అని అడుగుతారు. నీ శాంపిల్లో పదకొండు మంది ఉన్నారు. నందిగామలంక ఆవిడ తన మనవరాలి పేరు అందులో చూసి పాపం కూలబడిపోయింది. ఆవిడకి మంచినీళ్ళు తాగించి, సంగతి చెప్పి, ఇంటికి పంపేసరికి నా పని అయిపోయింది.

పేరు దీపంబుడ్డే. కరెంటు పోతే ఇప్పటికీ వెలిగించుకునేది అదే, నీ దీప్తి కాదు. ఆ పాత చేతిరాత కూడా తియ్యకు. అది ఎవరిదో నీకు తెలిసినట్టు లేదు. తొంభై ఎనిమిదిలో మీ నాన్న మా అరుగు మీద కూర్చుని, రెండు రోజులు అన్నం కూడా సరిగా తినకుండా రాసింది. చదువు రానివాళ్ళు దాని ఆకారం చూసి ఇది మన పుస్తకం అని చెయ్యి చాస్తారు. నెలకోసారి వాడి చేతిరాత నాలుగు వందల యాభై ఇళ్ళకి వెళ్ళొస్తోంది. వాడు మాత్రం రావడం లేదు.

ఆ మొక్కలు ఏమేం వేశాడో రాయి.

అత్తయ్య


తాడేపల్లిగూడెం,
12 ఫిబ్రవరి 2024

అత్తయ్య గారికి వందనాలు.

మందారాలు రెండు, కరివేపాకు, కనకాంబరాలు, ఒక జామ. జామకి ఇంకా కాయలు రాలేదు.

తిట్లన్నీ తిన్నాను. మొదట ఒళ్ళు మండింది, నిజం చెబుతున్నాను. కోర్సులో మాకు ఇలాంటివి చెప్పలేదండీ. చదివేవాళ్ళ వయసు, చదువు చూడమన్నారు గానీ వాళ్ళ చేతులు తడిగా ఉంటాయని ఎవరూ అనలేదు. నందిగామలంక ఆవిడకి నా తరఫున సారీ చెప్పండి. నల్ల గీత ఇంక ఈ జన్మలో ముట్టుకోను.

రెండో శాంపిలు పెడుతున్నాను. ఇటుక రంగు కవరు, తెల్ల అక్షరాలు. లోపల లావు ఫాంటు, లైన్ల మధ్య జాగా. ఇది నేను ఒక్కదాన్నే చెయ్యలేదు. ఏం జరిగిందంటే, దీన్ని ఇంటికి తెచ్చి అన్నం తినే బల్ల మీద కావాలనే వదిలేశాను. నాన్న కంచం పెట్టుకోబోతూ చూశారు. టైటిల్లో తన రాత చూసుకుని కంచం పక్కన పెట్టేశారు. ‘ఇది ఇంకా వస్తోందా’ అన్నారు. నేను ఊఁ అన్నాను. మొక్కల దగ్గరికి వెళ్ళిపోతారనుకున్నాను, వెళ్ళలేదండీ. పెన్సిలు తెమ్మన్నారు.

‘పెద్దవాళ్ళు చదివేదానికి అక్షరానికి పొట్ట ఉండాలమ్మా. లోపల ఖాళీ కనపడితేనే అక్షరం కనపడుతుంది. నువ్వు పొట్టలన్నీ నొక్కేశావు’ అంటూ ఒక్కొక్కటీ దిద్దారు. నాకు చిన్నప్పుడు పలక మీద దిద్దించినట్టే చేశారు. కూర చల్లారిపోయింది.

తర్వాత ఎందుకో ఆఖరి పేజీ తిప్పి చూశారు. మొహం మారిపోయింది. ‘అమ్మ నోటీసులో నా పేరుకి జాగా దొరకలేదు వాళ్ళకి. ఇప్పుడు నా కూతురు దొరికిందా’ అన్నారు. అప్పుడు లేచి వెళ్ళారు.

ఏమిటండీ ఆ నోటీసు? మీరిద్దరూ మాట్లాడుకోకపోవడానికి కారణం చర్చీలు మారడమే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

మీ
జ్యోత్స్న


మండవల్లి,
24 ఫిబ్రవరి 2024

నా తల్లి జ్యోత్స్నకు,

శాంపిలు అందరికీ నచ్చింది. కరుణమ్మ ఎక్కడా ఆగకుండా చదివింది. ఆ పొట్టల సంగతి నీ ఉత్తరంలో చదివినప్పుడు నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. వాడు నా పత్రిక పట్టుకున్నాడు, చాలు.

నువ్వు అడిగావు కాబట్టి చెబుతాను. మీ నాయనమ్మ 2013 ఏప్రిల్లో పోయింది. అప్పటికి రెండేళ్ళ ముందే మీ నాన్న మన చర్చి విడిచి వేరే సహవాసానికి వెళ్ళాడు. అమ్మకి అది బాధే. అయినా మంచం పట్టాక వాణ్ణే కలవరించింది. గురువారం మధ్యాహ్నం నేను అమ్మ పక్క వదల్లేక, పక్కింటివాళ్ళ చేత మీ ఇంటికి ఫోను చేయించాను. ఆడగొంతు పలికిందన్నారు, మీ అమ్మ కాబోలు. అమ్మకి ఎక్కువగా ఉంది, సాయంత్రం బండికి రమ్మని చెప్పించాను. సాయంత్రం బండికి రాలేదు. మళ్ళీ చేయిస్తే ఫోను పలకలేదు. శుక్రవారం తెల్లవారుజామున అమ్మ వెళ్ళిపోయింది. ఎండలు మండిపోతున్నాయి, ఉంచడానికి లేదు. మూడింటికి సమాధి చేశాం. అయిదింటికి మీరు ముగ్గురూ వచ్చారు. వాడు సమాధి దగ్గర నిలబడి, ఇంట్లోకి రాకుండా అటునుంచి అటే వెళ్ళిపోయాడు. ఒక్క మాట ఆడలేదు. నేనూ ఆడలేదు.

ఆ నెల పత్రికలో అమ్మ నోటీసు వేశాం. నల్ల గీత మధ్య అమ్మ పేరు, కింద పిల్లల పేర్లు. అబ్రహాం గారు ఇద్దరి పేర్లూ పెట్టి ప్రూఫు పంపారు. నేను ఎర్ర పెన్నుతో దేవదానం పేరు కొట్టేశాను. తర్వాత ఎవరడిగినా జాగా చాలలేదని చెప్పాను. అబద్ధం. రమ్మన్నప్పుడు రాని కొడుక్కి అచ్చులో పేరెందుకని కొట్టేశాను. ఆ కాపీ వాడికి చేరుతుందని తెలిసే కొట్టేశాను.

ఇప్పుడు దిద్దుకోవాలని ఉంది. ఏప్రిల్ సంచికలో అమ్మ జ్ఞాపకార్థం ఆ నోటీసు మళ్ళీ వెయ్యి. కూతురు రత్నకుమారి, కొడుకు దేవదానం. వాడి పేరు అందరి కంటా పడాలి. ఎలా వేస్తే బాగుంటుందో నీకే వదిలేస్తున్నాను.

అత్తయ్య


తాడేపల్లిగూడెం,
10 మార్చి 2024

అత్తయ్యా,

ఈ ఉత్తరం అయిదుసార్లు రాసి చింపేశాను.

ఆ ఫోను ఎత్తింది అమ్మ కాదు. నేను.

వేసవి సెలవులు. నాన్న ఊరి చివర ఒక రైస్ మిల్లు గోడ మీద పేరు రాస్తున్నారు. రంగు అంటుతుందని ఫోను ఇంట్లో వదిలి వెళ్ళేవారు. అమ్మ పనికి వెళ్ళింది. ‘మిల్లు’లో ఆఖరి అక్షరం నువ్వు నింపుదువు గాని, శుక్రవారం పొద్దున్నే రా అని నాన్న నాకు మాటిచ్చారు. వెదురు పరంజా ఎక్కి, నాన్న పక్కన కూర్చుని, నా చేత్తో ఒక అక్షరం. వారం రోజులుగా నాకు అదే ధ్యాస.

మీ ఫోను వచ్చింది. నాయనమ్మకి ఒంట్లో బాగోలేదని అంతకుముందు కూడా రెండుసార్లు వచ్చింది కదా, వెళ్ళి వచ్చేశాం కదా అనుకున్నాను. చెబితే నాన్న బ్రష్షులు కడిగేసి బయల్దేరతారు. అక్షరం పోతుంది. రేపు చెబుదాం అనుకుని ఫోను స్విచాఫ్ చేసి బియ్యం డబ్బా వెనక పెట్టాను. శుక్రవారం అక్షరం నింపాను. మధ్యాహ్నం ఇంటికొచ్చి ఫోను ఆన్ చేసి, ‘అత్తయ్య ఇప్పుడే చేసింది’ అని చెప్పాను.

అందుకే నాన్న అనుకుంటారు, వేరే సహవాసానికి వెళ్ళానన్న కోపంతో అక్క అంతా అయిపోయాక కబురు పెట్టిందని. మీరు అనుకుంటారు, కబురు పెట్టినా రాలేదని. ఇద్దరికీ మధ్య ఉన్నది నేనే.

అది మామూలు జబ్బు కాదని అక్కడికి వచ్చాక గానీ తెలియలేదు. తర్వాత చెప్పడానికి ధైర్యం చాల్లేదు. ఏడాది గడిచాక ఇంకా చాల్లేదు. మీ ఉత్తరం షాపుకి వచ్చిన రోజున మీకు తెలిసిపోయిందనే అనుకున్నాను.

నన్ను ఏమన్నా పడతాను. రాయడం మాత్రం మానకండి.

జ్యోత్స్న


మండవల్లి,
22 మార్చి 2024

జ్యోత్స్నకు,

ఉత్తరం అందింది.

ఏప్రిల్ సంచిక మేటరు దీనితో పంపుతున్నాను. నాలుగో పేజీలో ప్రార్థన అంశాలు ఎప్పటిలాగే. ఎనిమిదో పేజీలో వంటల శీర్షిక తీసెయ్యి. పులసల గురించి రాసినావిడ ఇది కాలం కాదంటోంది. ఎలక్షన్ల అచ్చుతో హెన్రీ తీరిక లేకుండా ఉన్నాడట, తొందరగా ఇవ్వాలి. నోటీసు మర్చిపోకు.

రత్నకుమారి


తాడేపల్లిగూడెం,
21 ఏప్రిల్ 2024

అత్తయ్యా,

నెలరోజులు రాయనందుకు క్షమించండి. మీ ఆఖరి ఉత్తరం చూశాక మీరు నన్ను విడిచిపెట్టేశారనుకున్నాను. అత్తయ్య అని కూడా సంతకం పెట్టలేదు మీరు.

ఆ రోజే నాన్నకి చెప్పేశాను. బియ్యం డబ్బా దగ్గర నుంచి మొత్తం చెప్పాను. తిడతారనుకున్నాను. విని, చొక్కా వేసుకుని, బయటికి వెళ్ళి, రెండు గంటలకి వచ్చారు. ఆ మిల్లు దాకా నడిచి వెళ్ళొచ్చారని తర్వాత అమ్మ చెప్పింది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. నేను షాపు నుంచి వచ్చేదాకా అన్నానికి కాచుకునే మనిషి, ముందే తినేసి పడుకునేవారు. నాకు మీకు రాసే మొహం లేకపోయింది. ప్రూఫు మీకు పంపకుండా ఫైలు సరాసరి హెన్రీ గారికి పంపేశాను. తప్పంతా అక్కడే జరిగింది.

నాయనమ్మ పేరు నల్ల గీతలో పెట్టాను, మీ పద్ధతి ప్రకారం. నాన్న పేరు అందరి కంటా పడాలన్నారు కదా. అందుకని పక్కన విడిగా పెద్ద అక్షరాల్లో ‘దేవదానం’ అని పెట్టి, కింద ‘ప్రేమతో అక్క రత్నకుమారి’ అని రాసి, చుట్టూ మెరూన్ రంగు గీత గీశాను. నల్లది కాదు, కావాలనే మెరూన్. నా కంప్యూటర్లో ఎంత బాగుందో. ఫ్లెక్సీలో ఏ రంగు ఇస్తే ఆ రంగే వస్తుందండీ, నాకు తెలిసింది అదే. మన పత్రికకి కవరు ఒక్కటే రంగు అనీ, లోపలి పేజీలన్నీ ఒక్క నలుపులోనే అచ్చేస్తారనీ నాకు తోచనే లేదు. నిన్న శనివారం ఏలూరు వెళ్ళి హెన్రీ గారి దగ్గర కాపీ తిప్పి చూస్తే నా మెరూన్ గీత నల్లగా పడింది. ‘మీ నాన్నగారు పోయారా అమ్మా, చెప్పనే లేదు’ అన్నారాయన. కట్టలన్నీ శుక్రవారమే బస్సులకి వేసేశారట.

ఉన్నపళాన కైకలూరు బస్సెక్కి, ఆటోలో మీ ఇంటికి వచ్చాను. తాళం వేసి ఉంది. అరుగు మీద పదిహేనుమంది ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. నేను ఫలానా అని చెప్పగానే ఒక్కసారిగా లేచి నన్ను పట్టుకుని ఏడుపు. నేను ‘మా నాన్న బాగున్నారండీ, పొద్దున్న నాలుగు ఇడ్లీలు తిన్నారండీ’ అని అరుస్తున్నాను. ఎవరూ వినరే. కరుణమ్మ గారు మాత్రం నా గెడ్డం పట్టుకుని చూసి, ‘బతికే ఉన్నాడా? మరి టీచరమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా బస్సెక్కేసిందే’ అన్నారు. మీరు మా ఊరు వెళుతుంటే నేను మీ ఊరు వచ్చాను.

తిరిగి ఇల్లు చేరేసరికి ఏడయింది. మీరు చివరి బస్సు అందుకోవాలని వెళ్ళిపోయారట. నాన్న అరుగు మీద ఒక్కరే కూర్చున్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అరుగంతా తడిగుడ్డతో తుడిచిన చార. ఏం జరిగింది నాన్నా అంటే, ‘మీ అత్తయ్య వచ్చి వెళ్ళిందమ్మా, నువ్వు అన్నం తిను’ అన్నారు. నెల తర్వాత నాతో ఆడిన మొదటి మాట. నాకు కంచం పెట్టి ఎదురుగా కూర్చున్నారు. ఇంకేమీ చెప్పడం లేదు.

మీరైనా చెప్పండి. నన్ను క్షమించారో లేదో తర్వాత రాద్దురు గాని, అక్కడ ఏం జరిగిందో మాత్రం రాయండి.

మీ
జ్యోత్స్న


మండవల్లి,
25 ఏప్రిల్ 2024

నా బంగారు తల్లి జ్యోత్స్నకు, అత్తయ్య అనేక ముద్దులతో,

ముందుగా ఆ పొట్టి ఉత్తరం సంగతి. నీ మీద కోపంతో రాసింది కాదు. నిన్ను ఓదార్చాలంటే నేను చెప్పుకోవలసింది ఒకటి ఉంది, అది రాయడానికి చెయ్యి రాలేదు. అందుకే పులసల గురించి రాశాను. పెద్దదాన్నయి ఉండి పిల్లని నెలరోజులు ఏడిపించాను.

శనివారం పొద్దున కరుణమ్మ పుస్తకం తెచ్చి ఆఖరి పేజీ చూపించింది. నల్ల గీత మధ్య నా తమ్ముడి పేరు, కింద ప్రేమతో నా పేరు. నీ దగ్గర నుంచి నెలగా ఉత్తరం లేదు. బీపీ అని నువ్వే రాశావు. పిల్ల నాకు చెప్పలేక అచ్చులో వేసిందనుకున్నాను. ఇంకేం ఆలోచించలేదు. బస్సులో కొల్లేటి గట్టు మీద వస్తున్నంతసేపూ, వాడి పేరు కొట్టేసిన నా చెయ్యి చూసుకుంటూ కూర్చున్నాను.

మీ వీధిలోకి వచ్చేసరికి గుమ్మం ముందు జనం లేరు. అప్పుడే తీసుకెళ్ళిపోయారనుకున్నాను. వాడు అమ్మకి ఆలస్యమైనట్టే నేను వాడికి ఆలస్యమయ్యాను, సరిపోయింది అనుకుని గేటు పట్టుకుని నిలబడ్డాను. ఇంతలో ఇంటి పక్క నుంచి బకెట్టు పట్టుకుని మీ నాన్న వచ్చాడు.

నేను అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను. వాడు బకెట్టు పారేసి పరుగెత్తుకొచ్చాడు. ఏదో అంటున్నాడు, పెదవులు కదులుతున్నాయి. నాకు ఏడుపులో అవి కూడా అందడం లేదు. చెవులు చూపించి చెయ్యి ఊపాను. వాడికి నా చెవుడు సంగతి తెలియదు కదా. నన్ను లేపి అరుగు మీద కూర్చోబెట్టి, లోపలికి వెళ్ళి సుద్దముక్క తెచ్చి, నా ఎదురుగా గచ్చు మీద రాయడం మొదలుపెట్టాడు. ఎంత పెద్ద అక్షరాలనుకున్నావు, ఒక్కొక్కటి జానెడు. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చినా ప్రతి అక్షరమూ కనపడింది.

పుస్తకం చూపించాను. చూసి రాశాడు: ‘ఒకసారి బతికుండగానే తీసేశావు. ఇప్పుడు పోయినవాళ్ళలో కలిపావు. నన్ను ఎక్కడ ఉంచాలో ఇంకా తేలలేదా అక్కా?’ నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. వాడూ నవ్వాడు. పై పళ్ళు రెండు ఊడిపోయాయి వాడికి, నువ్వు రాయనే లేదు.

తర్వాత వాడు ఆ గచ్చు తుడిచి, చిన్నగా రాశాడు: ‘అమ్మ నన్ను అడిగిందా?’ పదకొండేళ్ళుగా వాడు తెలుసుకోవాలనుకున్నది అదొక్కటే. నేను దాచుకున్నదీ అదే.

నీకూ చెబుతాను. ఆఖరి మూడు రోజులూ అమ్మకి అన్నం పెట్టింది, ఒళ్ళు తుడిచింది, పక్క మార్చింది నేను. గురువారం సాయంత్రానికి చూపు మసకబారింది. నా చెయ్యి పట్టుకుని, ‘వచ్చావా దేవదానం, వచ్చావా నాన్నా’ అంది. నేనమ్మా అని చెబుదామని నోటిదాకా వచ్చింది, చెప్పలేదు. తెల్లవారేదాకా వాడి పేరే పిలుస్తూ, నా చెయ్యి నిమురుతూ వెళ్ళిపోయింది. చాకిరీ నాది, పేరు వాడిది అని నా మనసు మండిపోయింది. రాలేదన్న కోపం ఉన్న మాట నిజమే. కానీ పేరు కొట్టేసింది మాత్రం ఇందుకు. కొడుకు వచ్చాడనుకునే వెళ్ళిపోయిందని వాడికి ఒక్క ముక్క చెబితే ఆనాడే బతికిపోయేవాడు. చెప్పకూడదని చెప్పలేదు. నువ్వు పదమూడేళ్ళ పిల్లవి, ఒక్క పూట దాచావు. నాకు అప్పటికి యాభై దాటాయి.

ఇదంతా వాడికి నోటితోనే చెప్పాను. నా మాట నాకు వినపడదు కదా, గట్టిగా చెప్పానో గొణిగానో తెలియదు. మీ పక్కింటివాళ్ళు బయటికి వచ్చి చూశారు కాబట్టి గట్టిగానే చెప్పి ఉంటాను.

వాడు నన్ను తిట్టలేదు. గచ్చు మీదికి వంగి ఒక్క మాట రాశాడు.

‘ఏ చెయ్యి?’

అమ్మ నిమిరిన కుడి చెయ్యి చాపాను. సుద్దముక్క కింద పెట్టి, రెండు చేతులతో దాన్ని పట్టుకుని కళ్ళకి ఆనించుకున్నాడు. బస్సు వేళయ్యేదాకా వదల్లేదు.

మీ
అత్తయ్య